హోము నుంచి ఇంటికి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

హోముల్లో, ఆశ్రమాల్లో పెరుగుతున్న పిల్లల్ని కుటుంబాల్లోకి తీసుకురావడం గురించి వచ్చిన ఉత్తరాలకు ఈసారి శీర్షిక మొత్తాన్ని కేటాయించాం. జవాబుల్లో రెండు పేర్లు పదే పదే వస్తాయి. సీడబ్ల్యూసీ అంటే బాలల సంక్షేమ సమితి. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్‌కు ఉండే అధికారాలతో బెంచిగా కూర్చుంటారు. బిడ్డ ఎక్కడ ఉండాలో తేల్చేది వీళ్లే. డీసీపీయూ అంటే జిల్లా బాలల సంరక్షణ విభాగం. ఇంటికొచ్చి విచారించడం, స్పాన్సర్‌షిప్ (బిడ్డను ఇంట్లో పెంచడానికి ప్రభుత్వం ఇచ్చే డబ్బు సాయం) ఫైళ్లు నడపడం వీళ్ల పని. వీటన్నిటికీ ఆధారం 2015 నాటి బాలల న్యాయ చట్టం. దాన్ని 2021లో సవరించారు.

ప్రశ్న: మా అక్క చనిపోయింది. బావ ఎటో వెళ్లిపోయాడు. అప్పట్లో మాకు జరుగుబాటు లేక మేనల్లుణ్ని ఒక హోములో చేర్పించాం. వాడికిప్పుడు పదేళ్లు. మా అమ్మా నేనూ తెచ్చుకుని పెంచుకుందామంటే హోమువాళ్లు 'ఇక్కడ బాగా చదువుతున్నాడు, టెన్త్ అయ్యాక చూద్దాం' అంటున్నారు. ఏం చెయ్యాలి?
— ఒక మేనమామ, ప్రకాశం జిల్లా

జవాబు: తెచ్చుకోవచ్చు. బాగా చదువుతున్నాడన్నది బిడ్డను ఇంటికి పంపకపోవడానికి చట్టం ఒప్పుకునే కారణం కాదు. పిల్లల్ని సంస్థలో ఉంచడం ఆఖరి మార్గంగానే ఉండాలని సెక్షన్ 3 చెబుతుంది. బిడ్డను తిరిగి కుటుంబానికి చేర్చడమే సంస్థల ప్రధాన లక్ష్యమని సెక్షన్ 40 చెబుతుంది. అలాగని హోమువాళ్లు గేటు దగ్గర సంతకం పెట్టించుకుని బాబును మీ చేతికిస్తామన్నా తీసుకోకండి. ఆర్డరు లేకుండా తెచ్చుకుంటే రేపు స్కూల్లో, ఆధార్ సెంటర్లో, స్పాన్సర్‌షిప్ ఫైల్లో 'మీరెవరు' అన్న ప్రశ్నకు మీ దగ్గర కాగితం ఉండదు.

మొదట హోమును ఒకటే అడగండి: 'మా బాబు ఏ సీడబ్ల్యూసీ ఆర్డరు మీద ఇక్కడ ఉన్నాడు? నంబరు, తేదీ ఇవ్వండి.' ఇక్కడే చాలామందికి అసలు చిక్కు బయటపడుతుంది. బంధువులే నేరుగా తీసుకెళ్లి చేర్పించిన పిల్లల్లో కొందరికి సీడబ్ల్యూసీలో ఫైలే ఉండదు. అలాంటప్పుడు ముందుగా హోమువాళ్లే బాబును సమితి ఎదుట హాజరుపరచాలి. ఆ తర్వాతే మీ దరఖాస్తు కదులుతుంది.

సీడబ్ల్యూసీకి దరఖాస్తు తెల్లకాగితం మీద రాస్తే చాలు. మీ ఇద్దరి ఆధార్, రేషన్ కార్డు, మీ అక్క మరణ ధ్రువపత్రం, ఆమె మీ అక్కేనని తెలిపే ఏదో ఒక ఆధారం జతచెయ్యండి. పాత రేషన్ కార్డు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఆమె స్కూలు రికార్డు, ఏదైనా పనికొస్తుంది. మీ బావ సంగతి దాచకండి. ఎప్పటినుంచి కనిపించడం లేదో, ఆఖరిసారి ఎక్కడున్నాడని విన్నారో ఉన్నదున్నట్టు రాయండి. రేపు ఆయన వచ్చి 'నన్నడగలేదు' అంటే ఆ వాక్యమే మీకు రక్ష. మీ భార్య ఉంటే ఆమె ఒప్పుదల కూడా రాయించండి. రాయించడం కంటే ముందు ఆమెతో కూర్చుని మనసువిప్పి మాట్లాడండి. తిరిగి హోముకు వచ్చే పిల్లల్లో కొందరు ఆ ఇంటి కోడలిని ఎవరూ అడగని ఇళ్ల నుంచే వస్తారు.

సమితి డీసీపీయూ ద్వారా సామాజిక విచారణ నివేదిక తెప్పిస్తుంది. అది ఫారం 22, గడువు 15 రోజులు. మీ ఊరు వేరే జిల్లాలో ఉంటే నివేదిక అక్కడి నుంచి రావాలి, ఆలస్యమయ్యేది ఎక్కువగా అక్కడే. రెండు వారాలు దాటాక మీరే ఆ జిల్లా డీసీపీయూకు వెళ్లి కనుక్కోవడం తప్పేమీ కాదు. విచారణకొచ్చేవాళ్లు మేడలు చూడరు. బాబు ఎక్కడ పడుకుంటాడు, బాత్రూం ఉందా, సాయంత్రం బడి వదిలాక ఇంట్లో ఎవరుంటారు, తాగుడు గొడవలున్నాయా, అప్పులవాళ్లు ఇంటిమీదికి వస్తున్నారా, ఏ నెలల్లోనైనా వలసపోతారా అని చూస్తారు. పక్కింటివాళ్లనూ అడుగుతారు.

అంతా సరిపోతే బాబును మీ సంరక్షణకు అప్పగిస్తూ ఫారం 19లో ఆర్డరు ఇస్తారు, మీరు ఫారం 20లో హామీపత్రం రాసిస్తారు. ఆర్డరు కాపీలు నాలుగు తీయించుకోండి. ఇది సంరక్షణ ఆర్డరే, దత్తత కాదు. బాబు పేరున ఆస్తిపాస్తుల లావాదేవీలు ఉంటే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జిల్లా కోర్టులో విడిగా గార్డియన్‌షిప్ తెచ్చుకోవాలి.

ఈలోగా ఆదివారం ఆదివారం ఫోన్ చెయ్యండి. మీ అమ్మగారిని తీసుకెళ్లి చూపించండి. దసరాకో సంక్రాంతికో సమితి అనుమతితో నాలుగు రోజులు ఇంటికి తెచ్చుకోండి. వాణ్ని కూడా అడగండి. పదేళ్లవాడి మాట సమితి తప్పకుండా వింటుంది. పూర్తిగా తెచ్చుకోవడం మాత్రం వేసవి సెలవుల్లో పెట్టుకుంటే జూన్‌లో కొత్త బడిలో అందరితోపాటు మొదలుపెడతాడు. పాత బడి టీసీ ఇవ్వడం ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదని విద్యాహక్కు చట్టం సెక్షన్ 5లోనే ఉంది. అయితే పాత బడివాళ్లు యూడైస్‌లో (బడి పిల్లల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్) బాబు పెన్ నంబరును, అంటే విద్యార్థి శాశ్వత నంబరును, బడి మారే పిల్లల జాబితా అయిన డ్రాప్‌బాక్స్‌లో వెయ్యకపోతే కొత్త బడి రికార్డులో పేరు ఎక్కదు. టీసీతోపాటు ఆ పని కూడా అడిగి చేయించుకోండి.

ప్రశ్న: నాకు ఇద్దరాడపిల్లలు. ఆయన పోయాక పెద్దదాన్ని హోములో పెట్టి, చిన్నదాన్ని నాతో ఉంచుకున్నాను. కూలికి వెళ్తాను. నెలకు 4,000 ఇస్తారట కదా, ఎవరికిస్తారు? మా ఊళ్లో ఒకామెకు తిరస్కరించారు.
— ఒక తల్లి, నారాయణపేట జిల్లా

జవాబు: అమ్మా, మీరు విన్నది నిజమే. కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద స్పాన్సర్‌షిప్‌గా బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. భర్త పోయిన తల్లి, విడాకులైన లేదా కుటుంబం వదిలేసిన తల్లి పిల్లలు, తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరుగుతున్న పిల్లలు, ప్రాణాంతక జబ్బుతోనో ప్రమాదంలోనో తల్లిదండ్రులు పోషించలేని స్థితికి వచ్చిన పిల్లలు అర్హులు. కుటుంబ ఆదాయం గ్రామాల్లో ఏడాదికి 72,000, మిగతా చోట్ల 96,000 దాటకూడదు.

ఇందులో రెండు రకాలున్నాయి. బిడ్డ హోముకు పోకుండా ఆపడానికి ఇచ్చేది ఒకటి, హోములో ఉన్న బిడ్డను ఇంటికి తేవడానికి ఇచ్చేది ఇంకొకటి. మీ చిన్నమ్మాయిది మొదటిది, పెద్దమ్మాయిది రెండోది. ఇద్దరికీ విడివిడిగా దరఖాస్తు పెట్టండి. ఒకే కాగితంలో ఇద్దరి పేర్లూ రాసి ఒకరికే మంజూరు తెచ్చుకున్న తల్లులు ఉన్నారు.

దరఖాస్తు డీసీపీయూలో ఇవ్వాలి. అంగన్‌వాడీ టీచరు చేత పంపించినా సరే, రసీదు మాత్రం అడగండి. కావలసినవి: బిడ్డ ఆధార్, పుట్టిన తేదీ ధ్రువపత్రం, స్టడీ సర్టిఫికెట్, మీ ఆధార్, ఆయన మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పాసుబుక్కు, ఫొటోలు. ఖాతా బిడ్డ పేరున ఉండాలి, తల్లి నడపడం మేలన్నది నియమం. కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీ మంజూరు చేస్తుంది.

మీ ఊరామెకు ఎందుకు తిరస్కరించారో మేం చెప్పలేం. సాధారణంగా ఫైళ్లు ఆగేది ఇక్కడ: ఆధార్‌లో ఒక స్పెల్లింగు, బడి రికార్డులో ఇంకొకటి, ఆదాయ ధ్రువపత్రం పాతబడటం, బిడ్డ ఖాతాకు ఆధార్ సీడింగ్ లేకపోవడం, మరణాన్ని నమోదే చేయించకపోవడం. మొదటి మూడూ వారంలో సరయ్యేవి. నాలుగోదానికి, మరణం జరిగి ఏడాది దాటిపోయి ఉంటే, రెవెన్యూ అధికారి ఉత్తర్వు కావాలి కాబట్టి ముందుగా దాన్నే మొదలుపెట్టండి.

ఒక హెచ్చరిక. మంజూరైనా డబ్బు ప్రతి నెలా ఒకటో తారీఖున రాదు. నిధులు వచ్చినప్పుడు కొన్ని నెలలవి కలిపి పడతాయి. ఆ డబ్బు నమ్ముకుని చీటీ కట్టడమో అప్పు చెయ్యడమో వద్దు. బిడ్డ బడికి వెళ్లడం ఆగితే స్పాన్సర్‌షిప్ కూడా ఆగుతుంది. వలసకాలంలో పిల్లల్ని వెంట తీసుకెళ్లకుండా ఊళ్లో ఎవరి దగ్గర ఉంచుతారో ఇప్పుడే ఆలోచించుకోండి. సమగ్ర శిక్ష కింద మీ మండలంలో సీజనల్ హాస్టల్ నడుస్తుందేమో ఎంఈఓ ఆఫీసులో అడగండి. వితంతు పింఛను తీసుకోకపోతే దానికీ ఇప్పుడే పెట్టుకోండి.

ప్రశ్న: మా ట్రస్టు 20 ఏళ్లుగా హోము నడుపుతోంది. ఇప్పుడు 32 మంది పిల్లలున్నారు. వీలైనంతమందిని ఇళ్లకు పంపమని జిల్లా సమావేశంలో చెప్పారు. పంపితే మళ్లీ పనుల్లో పెడతారనీ, ఆడపిల్లలకు పెళ్లిళ్లు చేసేస్తారనీ భయం. ఎలా మొదలుపెట్టాలి? మా ఆయాల గతేంటి?
— ట్రస్టు కార్యదర్శి, తూర్పుగోదావరి జిల్లా

జవాబు: మీ భయం న్యాయమైనదే. తొందరపడితే ఏమవుతుందో మన రాష్ట్రాలకు అనుభవమే. 2020 సెప్టెంబరులో జాతీయ బాలల హక్కుల కమిషన్ ఎనిమిది రాష్ట్రాలకు లేఖ రాసింది: హోముల్లోని పిల్లల్ని 100 రోజుల్లో కుటుంబాలకు చేర్చమని. ఆ ఎనిమిదిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. కోవిడ్ మూలంగా అప్పటికే చాలామంది పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయారు. చివరికి సుప్రీంకోర్టు, ఇంటికెళ్లిన బిడ్డ చదువుకు నెలకు 2,000 చొప్పున ఇవ్వాలని ఆ డిసెంబరులో రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది. బస్సెక్కించడం ఒక పూట పని. ఆ ఇల్లు బిడ్డను మోయగలిగేలా చెయ్యడానికి నెలలు పడుతుంది.

అందుకని పిల్లల్ని లెక్కపెట్టే ముందు ఫైళ్లు తియ్యండి. 32 మందికీ ఫారం 7, అంటే వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఉండాలి. చాలా హోముల్లో అది ఉంటుంది కానీ అందరి ఫైళ్లలోనూ ఒకే వాక్యాలు ఉంటాయి. 'చదువులో చురుకు, ఆరోగ్యం బాగుంది' అని రాసిన ప్రణాళిక ఎందుకూ పనికిరాదు. ఒక్కో బిడ్డతో విడిగా కూర్చుని మళ్లీ రాయండి: ఇంట్లో ఎవరెవరున్నారు, ఆఖరిసారి ఎవరొచ్చారు, ఎప్పుడొచ్చారు, పండక్కి ఎవరింటికి వెళ్లాలనుంటుంది, ఎవరంటే భయం. సందర్శకుల రిజిస్టరు రెండేళ్లది తిరగేస్తే మీకు తెలియని మేనత్తలు, పెదనాన్నలు కనిపిస్తారు.

అప్పుడు పిల్లలు వాళ్లంతట వాళ్లే విడిపోతారు. తల్లిదండ్రుల్లో ఒకరో ఇద్దరో ఉండి కేవలం లేమి వల్ల వచ్చినవాళ్లు; తల్లిదండ్రులు లేకపోయినా దగ్గరి బంధువులున్నవాళ్లు; ఇంట్లో హింసో లైంగిక వేధింపో జరిగి వచ్చినవాళ్లు; ఎవరూ లేనివాళ్లు. మొదటి రెండు రకాల నుంచే మొదలుపెట్టండి. మూడో రకాన్ని ఆ ఇంటికి పంపకూడదు. వేధించినవాడు అక్కడ ఉన్నంతకాలం 'ఇప్పుడు మారిపోయాడు' అన్న తల్లి మాటను కూడా నమ్మకూడదు. వాళ్లకు అమ్మమ్మ ఇల్లో, దత్తత లేకుండానే బిడ్డను తమ ఇంట్లో పెంచే ఫాస్టర్ కుటుంబమో వెతకాలి. నాలుగో రకంలో దత్తతకు వీలున్నవాళ్ల సంగతి సీడబ్ల్యూసీ ముందు పెట్టండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లను ఎట్టి పరిస్థితుల్లోనూ విడదీయకండి.

ఏడాదికి ఎందరు? ఇద్దరు మంచి సోషల్ వర్కర్లుంటే 32 మందిని రెండేళ్లలో చెయ్యొచ్చు. ఆరు నెలల్లో చేస్తామంటే మాకు భయం. ఒక్కో బిడ్డ విషయంలో మేం సూచించే వరస ఇది. మొదటి నెల వారానికో ఫోను, కుటుంబం వచ్చి రెండు గంటలు గడపడం. రెండో నెల సమితి అనుమతితో ఒక పగలు ఇంట్లో, తర్వాత ఒక రాత్రి. మూడో నెల పండగ సెలవులు. ప్రతిసారీ తిరిగొచ్చాక బిడ్డతో ఒంటరిగా మాట్లాడండి. మౌనంగా ఉన్నా, పక్క తడిపినా, మళ్లీ వెళ్లనన్నా ఆగి కారణం తెలుసుకోండి. ఈ మూడు నెలల్లోనే స్పాన్సర్‌షిప్ ఫైలు, బడి సీటు, కుటుంబానికి రేషన్, పింఛను, జాబ్ కార్డు, వికలాంగ బిడ్డయితే సదరం సర్టిఫికెట్ పూర్తికావాలి. బిడ్డ ఇల్లు చేరాక మొదలుపెడదామనుకుంటే ఆ ఖాళీ నెలల్లోనే మగపిల్లాడు హోటల్లో చేరిపోతాడు.

వెళ్లేరోజు చేతికిచ్చేవి: సీడబ్ల్యూసీ ఆర్డరు, ఆధార్, టీకాల కార్డు, వైద్య కాగితాలు, నెలకు సరిపడా మందులు, టీసీ, పాసుబుక్కు. వీటితోపాటు హోములో తీసిన ఫొటోలు, బిడ్డ ట్రంకు పెట్టె, అలవాటైన దుప్పటి. ఐదేళ్లు మీ దగ్గర పెరిగిన బిడ్డకు ఆ ఐదేళ్ల ఆనవాలు ఒక్క ఫొటో అయినా ఉండాలి. మీ ఫోన్ నంబరు, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ఆ ఫొటో వెనక రాసిపెట్టండి.

తర్వాతి సందర్శనలు: మొదటి వారంలో ఒకసారి, పదిహేను రోజులకు, ఆపైన మూడు నెలలపాటు నెలకోసారి, రెండేళ్ల వరకు మూడు నెలలకోసారి. చెప్పకుండా వెళ్లండి. బడికి కూడా వెళ్లి హాజరు పట్టీ చూడండి. మొదటి నెల అందరూ బాగానే ఉంటారు. బిడ్డను చుట్టంలా చూసుకుంటారు, బిడ్డా చుట్టంలాగే ఉంటుంది. గొడవలు రెండో, మూడో నెలలో మొదలవుతాయి. ఆడపిల్లలకు 14 నుంచి 17 ఏళ్ల మధ్య గండం ఎక్కువ. ఆ వయసు పిల్లను పంపేముందు కుటుంబంతో పెళ్లి ప్రస్తావన సూటిగా తీసి, 18 నిండేదాకా పెళ్లి చెయ్యబోమని హామీపత్రంలో రాయించండి. ఊళ్లో అంగన్‌వాడీ టీచరుకు, మహిళా పోలీసుకు ఆ పిల్ల పేరు తెలిసుండాలి. ఇంటర్‌కు ఊళ్లో కాలేజీ లేకపోతే కేజీబీవీలోనో గురుకులంలోనో సీటు చూడండి. సెలవులకు ఇంటికొచ్చి తల్లి దగ్గరుండే హాస్టలు పిల్లకూ, సంవత్సరమంతా హోములోనే ఉండే పిల్లకూ చాలా తేడా ఉంది.

మీ ఆయాల గురించి అడిగారు, అది మాకు నచ్చింది. పిల్లల మనసెరిగింది వాళ్లే. చదువుకున్న ఆయాలను కుటుంబ సందర్శకులుగా మార్చవచ్చు. ఒక్కొక్కరికి 20 కుటుంబాలకు మించి ఇవ్వకండి. భవనాన్ని సాయంత్రం ట్యూషన్ సెంటరుగానో, కూలికెళ్లే తల్లుల పిల్లలకు పగటి సంరక్షణ కేంద్రంగానో వాడుకోవచ్చు. దాతలకు ముందే చెప్పండి, పిల్లలు వెళ్లాక ఖర్చు వెంటనే తగ్గదు. సందర్శనల ఖర్చు, భవనం ఖర్చు రెండూ కొంతకాలం పక్కపక్కనే నడుస్తాయి. హోములు మధ్యలో చేతులెత్తేసేది ఆ కాలంలోనే. సెక్షన్ 41 కింద ఉన్న రిజిస్ట్రేషన్‌ను ఆఖరి బిడ్డకు ఆర్డరు అయ్యేదాకా వదులుకోకండి.

ప్రశ్న: నాకు 41 ఏళ్లు, పెళ్లి చేసుకోలేదు, ప్రభుత్వ టీచర్ని. దత్తతకు ఏళ్లు ఆగాలంటున్నారు. ఫాస్టర్ కేర్ అంటే ఏమిటి? నాకిస్తారా?
— ఒక ఉపాధ్యాయిని, వరంగల్

జవాబు: ఇస్తారు. ఫాస్టర్ కేర్ అంటే దత్తత తీసుకోకుండానే, సీడబ్ల్యూసీ ఆర్డరు మీద బిడ్డను మీ ఇంట్లో పెంచడం. 2024లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు ఒంటరిగా ఉన్నవాళ్లకూ, పెళ్లయినా కాకపోయినా, అవకాశం ఇచ్చాయి. 35 ఏళ్లు నిండి ఉండాలి. ఒంటరి మగవాళ్లకు మాత్రం ఆడపిల్లను ఇవ్వరు. దత్తత సంస్థ కారా నడిపే కేరింగ్స్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. డీసీపీయూవాళ్లు ఇంటికొచ్చి ఫారం 30లో నివేదిక రాస్తారు, బిడ్డ గురించి ఫారం 31లో రాస్తారు, రెండూ కుదిరితే సీడబ్ల్యూసీ ఫారం 32లో ఆర్డరిస్తుంది. సాధారణంగా ఆరేళ్లు దాటిన పిల్లలనే ఇస్తారు.

దత్తతకూ దీనికీ తేడా మనసులో స్పష్టంగా ఉండాలి. ఫాస్టర్‌లో బిడ్డ మీ ఇంటిపేరు తీసుకోదు. సొంత తల్లిదండ్రులుంటే వచ్చి చూడవచ్చు, వాళ్లు నిలదొక్కుకున్నారని సమితి తేలిస్తే బిడ్డ తిరిగి వెళ్తుంది. నెలనెలా తనిఖీ ఉంటుంది. బిడ్డ ఖర్చుకు 4,000 ఇస్తారు. దత్తతకు వీలైన బిడ్డ రెండేళ్లు మీ దగ్గర పెరిగాక దత్తతకు అడగవచ్చు. ఇదివరకు అది ఐదేళ్లు ఉండేది. అయినా దత్తతకు అడ్డదారిగా భావించి ఫాస్టర్‌కు రాకండి. తన తల్లి ఇంకా ఉన్న ఎనిమిదేళ్ల పిల్లను 'అమ్మా' అని పిలవమని ఒత్తిడి చేస్తే ఆ పిల్ల నలిగిపోతుంది. 'పిన్నీ' అనో 'టీచరమ్మా' అనో తనకు నచ్చినట్టు పిలవనివ్వండి.

మీరు రోజంతా బడిలో ఉంటారు కాబట్టి విచారణలో తప్పక అడుగుతారు: జ్వరమొస్తే ఎవరు చూస్తారు? మీ అమ్మగారో చెల్లెలో ఒకరి పేరు చెప్పి, వాళ్లను ఆరోజు ఇంట్లో ఉంచండి.

ప్రశ్న: మనవరాలు హోము నుంచి వచ్చి రెండు నెలలైంది. తొమ్మిదేళ్లు. అన్నం దిండు కింద దాస్తుంది. రాత్రి పక్క తడుపుతుంది. తిడితే నవ్వుతుంది. తెచ్చి తప్పు చేశామా?
— ఒక నాయనమ్మ, అనంతపురం జిల్లా

జవాబు: తప్పేమీ చెయ్యలేదమ్మా. హోములో గంట కొడితేనే అన్నం, అయిపోతే లేదు. ఆ భయం కడుపులోంచి పోవడానికి కొన్ని నెలలు పడుతుంది. దిండు కింద దాస్తే కోప్పడకుండా, ఒక మూతడబ్బాలో మురుకులో వేరుశనగ ఉండలో పోసి 'ఇది నీ డబ్బా' అని చేతికివ్వండి, ఖాళీ అయినప్పుడల్లా నింపండి. నిండుగా ఉంటుందని నమ్మకం కుదిరాక దాచడం మానేస్తుంది. పక్క తడపడానికి రాత్రి ఏడు తర్వాత నీళ్లు, టీ తగ్గించి, మీరు పడుకునేముందు ఒకసారి లేపి తీసుకెళ్లండి. దుప్పటి తనచేత ఉతికించి సిగ్గుపరచకండి. హోములోనే ఎప్పటినుంచో ఉందో, ఇప్పుడే మొదలైందో హోమువాళ్లను అడగండి. మూత్రంలో మంట, జ్వరం ఉంటే పీహెచ్‌సీలో చూపించండి. కొత్తగా మొదలై, ఎవరినైనా చూసి భయపడుతుంటే వెంటనే 1098కు ఫోన్ చెయ్యండి.

తిడితే నవ్వడం ఎగతాళి కాదు. పెద్ద గొంతు విన్నప్పుడు ఏం చెయ్యాలో తెలియక వచ్చే నవ్వు అది. దగ్గరికి తీసుకుంటే బిగుసుకుపోతుందేమో కూడా, బలవంతం వద్దు. తల దువ్వడం, నూనె రాయడం, జడ వెయ్యడం, ఇవి రోజూ ఒకే వేళకు చెయ్యండి. 'నిన్ను మళ్లీ హోములో వేస్తా' అన్న మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. వరసకు ఆటపట్టించే బావలు, మావయ్యలకూ చెప్పి ఉంచండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాం. ఏటా మా అబ్బాయి పుట్టినరోజుకు మా ఊరి అనాథాశ్రమంలో భోజనాలు పెట్టిస్తాం, డబ్బు పంపుతాం. ఇది తప్పా?
— ఒక పాఠకుడు

జవాబు: మీ ప్రేమను మేం తప్పుపట్టం. కానీ ఇలాంటి ఆశ్రమాల్లో ఉన్నవాళ్లంతా అనాథలు కాదు. ఎక్కువమందికి తల్లో తండ్రో బంధువులో ఉంటారు. మంచాలు నిండి ఉంటేనే విరాళాలు వచ్చే చోట మంచాలు ఖాళీ చెయ్యాలన్న ఆలోచన పుట్టడం కష్టం. రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000ల మొదట్లో సంస్థల్లో ఉన్న 136 మంది పసిపిల్లల్ని రెండు జట్లుగా చేసి, సగంమందికి ఫాస్టర్ కుటుంబాలు ఏర్పాటుచేసి ఏళ్లతరబడి గమనించారు. కుటుంబాల్లో పెరిగినవాళ్లు తెలివిలో, ఒకరిని నమ్మి అంటిపెట్టుకోవడంలో ముందున్నారు. రెండేళ్లలోపే కుటుంబం దొరికినవాళ్లకు మేలు ఇంకా ఎక్కువ. ఎంత మంచి భవనమైనా ఒక బిడ్డను తనదనుకునే మనిషికి సాటిరాదు.

ఈ సంవత్సరం డబ్బు పంపేముందు ఆశ్రమాన్ని నాలుగు అడగండి: సెక్షన్ 41 రిజిస్ట్రేషన్ ఉందా, విదేశీ విరాళాలకు ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉందా, కిందటేడు ఎంతమంది ఇళ్లకు వెళ్లారు, వాళ్లను ఇప్పుడు ఎవరు చూస్తున్నారు. ఆఖరి రెండింటికీ జవాబు ఉంటే, మీ డబ్బును ఆ సందర్శనల ఖర్చుకు, ఇంటికెళ్లిన పిల్లల ఫీజులకు, తల్లికి కుట్టుమిషనుకు ఇవ్వండి. ఉన్నపళంగా ఆపేస్తే నష్టపోయేది పిల్లలే, కాబట్టి ఏడాది ముందు చెప్పి మార్చండి. పిల్లల ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టకండి. సంరక్షణలో ఉన్న బిడ్డ ఎవరో బయటపెట్టడం బాలల న్యాయ చట్టం సెక్షన్ 74 కింద నేరం. పుట్టినరోజు కేకు కోసం పిల్లల్ని వరసలో నిలబెట్టి పాట పాడించే పద్ధతి కూడా మానండి.

ప్రశ్న: మా హోములో ఒకబ్బాయికి డిసెంబరులో 18 నిండుతాయి. ఎవరూ లేరు. ఆరోజే పంపేయాలా?
— ఒక వార్డెన్, కర్నూలు

జవాబు: ఆరోజే రోడ్డున వదలనక్కర్లేదు. సెక్షన్ 46 కింద 18 నుంచి 21 దాకా అనంతర సంరక్షణ ఉంది, నెలకు 4,000 సాయం ఉంది. సీడబ్ల్యూసీ ఆర్డరు ఫారం 37లో వస్తుంది. దరఖాస్తు డిసెంబరులో పెడితే ఆలస్యమైపోతుంది, ఇప్పుడే పెట్టండి. ఆధార్‌లో చిరునామా హోముదే ఉంటుంది కాబట్టి మార్చేదాకా దాన్ని వాడుకోవడానికి ఉత్తరం రాసివ్వండి. ఓటరు కార్డు, కుల ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా మైనరు నుంచి మేజరుకు మార్చడం అతనిచేతే చేయించండి. గ్యాస్ వెలిగించడం, అన్నం వండుకోవడం, బస్సు రిజర్వేషన్, అద్దె అగ్రిమెంటు చదవడం వారానికొకటి నేర్పండి. సంక్రాంతికి అతను ఎవరింట్లో భోజనం చేస్తాడో కూడా ఇప్పుడే అనుకోండి. పాత వంటమ్మ ఇల్లయినా సరే, ఆమెను అడిగి చూడండి.